కాలమ్ కదిలింది సరే, ఎంత కదిలింది?

మూవ్ కొట్టినా కాలమ్ కదలడం లేదని కొత్తగా చేరిన కుర్రాళ్లు కంగారు పడిపోతుంటారు. ఆటోక్యాడ్‌లో కదలని వస్తువుతో భయమేమీ లేదు, అది ఉన్నచోటే ఉంటుంది. మనకు తెలియకుండా రెండంగుళాలు జరిగినదాంతోనే ప్రమాదం. దాన్ని స్క్రీన్ మీద ఎవరూ పట్టుకోరు. సైట్‌లో ముగ్గు పోశాక మేస్త్రీ పట్టుకుంటాడు.

చేయవలసినవి

కదలకపోతే మళ్లీ మళ్లీ క్లిక్ చేయకుండా కమాండ్ లైన్ చదవండి. ఎంచుకున్నది లాక్ చేసిన లేయర్‌లో ఉంటే ఆ మాట అక్కడే రాసి ఉంటుంది. కర్సర్ ఆనించినప్పుడు పక్కన చిన్న తాళం బొమ్మ కూడా కనిపిస్తుంది. తాళం తీసే ముందు ఎవరు వేశారో అడగండి. గ్రిడ్ లైన్లకు ఎవరూ ఊరికే తాళం వేయరు.

ఒకటి పట్టుకుంటే పది కదులుతున్నాయంటే అవి గ్రూప్‌లో ఉన్నట్టు. కంట్రోల్, షిఫ్ట్, ఏ కలిపి నొక్కితే విడివిడిగా దొరుకుతాయి. కర్సర్ గెంతుతుంటే ఎఫ్9, అడ్డంగానో నిలువుగానో తప్ప రానంటే ఎఫ్8. ఇవి చిన్న విషయాలు.

అసలు జాగ్రత్త బేస్ పాయింట్ దగ్గర కావాలి. ఎఫ్3తో ఆబ్జెక్ట్ స్నాప్ ఆన్ చేసి, మూలనే పట్టుకోండి, కంటి అంచనా వద్దు. దూరం తెలిస్తే టైప్ చేయండి. దాన్ని ఎక్స్, వై అంకెలుగా ఇస్తుంటే, డైనమిక్ ఇన్‌పుట్ ఆఫ్‌లో ఉన్నప్పుడు వాటి ముందు @ పెట్టాలి, లేకపోతే సున్నా నుంచి లెక్కేస్తుంది. జరిపాక ‘డిస్ట్’ కమాండ్‌తో కొలవండి. డెల్టా జెడ్ సున్నా కాకుండా ఇంకేదైనా వస్తే, ప్లాన్‌లో ఎంత చక్కగా కనిపించినా సరే, స్నాప్ వేరే ఎత్తులో ఉన్న బిందువును పట్టుకుందన్నమాట. వెంటనే అన్‌డూ చేయండి.

చేయకూడనివి

రెండో పాయింట్ అడిగినప్పుడు ఉత్త ఎంటర్ కొట్టొద్దు. ‘వస్తువు మాయమైంది సార్’ అని ఎవరైనా పిలిస్తే నేను ముందు అడిగేది ఇదే. బేస్ పాయింట్ 5000, 3000 దగ్గర ఉందనుకోండి. ఎంటర్ కొడితే ఆ అంకెలనే జరపాల్సిన దూరంగా తీసుకుంటుంది. మిల్లీమీటర్లలో గీస్తుంటే అడ్డంగా 5 మీటర్లు, నిలువుగా 3 మీటర్లు పోతుంది. మీటర్లలో ఉన్న సర్వే డ్రాయింగ్‌లో అయితే మరీ ఘోరం. హైదరాబాద్ యూటీఎం 44వ జోన్‌లో ఉంది, అక్కడ ఉత్తరపు కోఆర్డినేట్ 19 లక్షల మీటర్లు దాటుతుంది. ఒక్క ఎంటర్‌తో మీ క్లయింట్ ఇల్లు శ్రీనగర్ కంటే పైకి చేరుతుంది! అంకెలు మరీ పెద్దవిగా ఉన్నాయని అలాంటి డ్రాయింగ్‌ను 0,0 దగ్గరికి లాక్కురావద్దు. సర్వేయర్ ఎండలో నిలబడి తెచ్చిన కోఆర్డినేట్లన్నీ పోతాయి.

కొన్ని లేయర్లు మూసి ఉంచి మొత్తం డ్రాయింగ్ జరపొద్దు. విండో గీస్తే కనిపించేవే వస్తాయి. ‘ఆల్’ అని కొడితే ఆఫ్‌లో ఉన్నవీ వస్తాయి గానీ ఫ్రీజ్‌లో, లాక్‌లో ఉన్నవి రావు. నేను ఇక్కడే దెబ్బతిన్నాను. ఒక అపార్ట్‌మెంట్ ప్లాన్ మొత్తాన్ని పక్కకి జరిపాను. ఫుటింగ్ లేయర్ ఫ్రీజ్‌లో ఉంది, గుర్తు లేదు. మర్నాడు దాన్ని తెరిస్తే కాలమ్స్ ఒకచోట, ఫుటింగ్స్ ఇంకోచోట. ప్రింట్ ఇంకా బయటికి వెళ్లలేదు కాబట్టి బతికిపోయాను. అప్పట్నుంచీ పెద్దగా ఏది జరపాలన్నా ఫైల్‌ను ముందు వేరే పేరుతో సేవ్ చేస్తున్నాను.

కంట్రోల్ పట్టుకుని బాణం కీలు నొక్కే అలవాటుంటే మానుకోండి. ఒక్కో నొక్కుకి 2 పిక్సెళ్లు జరుగుతుంది. 2 పిక్సెళ్లంటే ఎంత? దగ్గరగా జూమ్ చేసి ఉంటే మిల్లీమీటర్ కూడా కాకపోవచ్చు, మొత్తం లేఅవుట్ కనిపించేలా ఉంటే అడుగు దాటొచ్చు. అక్షరాలు సర్దుకోవడానికి పర్వాలేదు, గోడలకు పనికిరాదు.

స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకం పెట్టిన డ్రాయింగ్‌లో, తలుపుకి అడ్డొచ్చిందని కాలమ్‌ను మీరే జరపొద్దు, అరంగుళమైనా సరే. ఆయనకు ఒక్క ఫోన్ చేయండి.