పైపూత మందు చర్మంలోకి ఎలా దిగుతుంది?

"సిస్టరమ్మా, మా అత్తగారికి రాసిచ్చిన ట్యూబు ఇంట్లో ఉంది. నేనూ అదే రాసుకోవచ్చా?" తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు నుండి తామర, దురదలతో వచ్చేవారు మమ్మల్ని తరచు అడిగే మాట ఇది. వద్దనే చెబుతాము. ఎందుకో తెలిస్తే మీరే మానేస్తారు.

ట్యూబులో ఉన్నదంతా మందు కాదు. ఒక శాతం హైడ్రోకార్టిజోన్ క్రీములో 100 గ్రాములకు 1 గ్రామే మందు. మిగిలినది దాన్ని మోసే బేస్. రాసిన తరువాత మందు బేస్ నుండి విడుదలై, మామిడి ముక్కలోకి ఉప్పు దిగినట్టు చర్మంలోకి మెల్లగా దిగుతుంది. చర్మాన్ని అంటుకున్న పొరలోని మందే ముఖ్యంగా దిగుతుంది గనుక మందంగా పూసినా లాభం లేదు.

బేస్ మారితే మందు పనిచేసే తీరు మారుతుంది.

ఆయింట్‌మెంట్: వేజలైన్ వలె జిడ్డుగా ఉంటుంది. చర్మంలోని తేమను పోనీయదు. నాని మెత్తబడిన చర్మంలోకి మందు ఎక్కువగా దిగుతుంది. ఎండి మందమైన చర్మానికి, మడమల పగుళ్ళకు మంచిది.

క్రీము: నూనె, నీరు కలిసినది. రసి కారే చోట, చర్మం మడతల్లో అనుకూలం.

లోషన్, జెల్: వెంట్రుకలున్న చోటికి వాడతారు. స్పిరిటు కలిసినవి పగుళ్ళపై మండుతాయి.

చర్మం కూడా అన్నిచోట్లా ఒక్కటి కాదు. 1967లో అమెరికాలో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు హైడ్రోకార్టిజోన్‌తో పరీక్షించారు. ముంజేతితో పోలిస్తే అది నుదుటిపై సుమారు 6 రెట్లు, వృషణాల చర్మంపై సుమారు 42 రెట్లు లోపలికి దిగింది.

అందుకే గజ్జల్లో తామరకు స్టెరాయిడ్ కలిసిన క్రీము రాయడం ప్రమాదం. దురద తగ్గుతుంది, తామర మాత్రం పాకుతూనే ఉంటుంది. చర్మం పలుచబడి చారలు పడతాయి, ఆ చారలు పూర్తిగా పోవు. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ పైపూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది. పసిబిడ్డల విషయంలో ఇంకా జాగ్రత్త. వారి బరువుకు చర్మం వైశాల్యం ఎక్కువ. పైన డైపరు బిగిస్తే మందు మరింత లోపలికి పోతుంది.

గుర్తుంచుకోండి:

1. చర్మాన్ని శుభ్రంగా కడిగి, తడి అద్ది, పలుచగా రాయండి.
2. పెద్దవారి చూపుడువేలి కొస నుండి మొదటి గీత వరకు పిండిన మందు సుమారు అర గ్రాము. వేళ్ళతో సహా రెండు అరచేతులంత చోటుకు అది చాలు.
3. డాక్టరు చెప్పనిదే రాసినచోట కట్టు కట్టవద్దు.
4. దురద తగ్గగానే మానకండి, చెప్పినన్ని రోజులు వాడండి.

ఇంతకుముందు ఏదైనా వాడి ఉంటే ఆ ట్యూబును పారేయకుండా మీతో తీసుకురండి. ఎవరూ కోప్పడరు. దానిమీది పేరు చూస్తేనే మీకు సరైన మందు ఇవ్వడం తేలికవుతుంది.