పిల్లలకు ఎవరి ఇంటిపేరు?

ఏ దరఖాస్తు తీసుకున్నా ఇంటిపేరు అడుగుతారు. అక్కడ నాన్న ఇంటిపేరు రాయడం మనకు ఎంత అలవాటైపోయిందంటే, అదే చట్టమని అనుకుంటాం. కానీ 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టంలో బిడ్డకు తండ్రి ఇంటిపేరే ఉండాలన్న మాట ఎక్కడా లేదు. అది ఆచారం మాత్రమే.

అసలు తెలుగువారి ఇంటిపేర్లలో చాలా భాగం ఊరిపేర్లే. గుడివాడవారు, కొండపల్లివారు మన డెల్టాలోనే ఉన్నారు. ఒక ఊరి నుంచి వచ్చిన కుటుంబాన్ని కొత్త ఊరివాళ్ళు పాత ఊరి పేరుతో పిలిస్తే అదే నిలిచిపోయింది. అందుకే ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో కనిపిస్తుంది. అయినా "మీ ఇంటిపేరేమిటి బాబూ?" అని అడిగేవారు నిజంగా ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో మన హాస్టలు విద్యార్థులకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆ ప్రశ్నకు తలవంచని కుటుంబం మన విజయవాడలోనే ఉంది. గోపరాజు రామచంద్రరావు తన పేరును "గోరా" అని రెండక్షరాలకు కుదించుకున్నారు. భార్య సరస్వతి గోరాతో కలిసి 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, 1947లో దాన్ని విజయవాడకు మార్చారు. పిల్లలకు దేవుళ్ళ పేర్లు పెట్టలేదు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం, యుద్ధకాలంలో పుట్టినవాడు సమరం, తొమ్మిదో సంతానం నౌ! లవణం గారు 1960లో మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను పెళ్ళి చేసుకున్నారు. జోగినుల కోసం పనిచేసిన ఆమెను లోకం హేమలతా లవణం అని పిలిచింది. పుట్టింటి గుర్రం కాదు, మెట్టినింటి గోపరాజూ కాదు.

వాళ్ళు ఉద్యమకారులు కాబట్టి సరే, ఒంటరిగా బిడ్డను పెంచుతున్న మామూలు తల్లి మాటేమిటి? దీనికి జవాబు మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులోనే వచ్చింది. ఒకామె భర్త, బిడ్డకు మూడు నెలలైనా నిండకముందే 2006లో చనిపోయాడు. ఆమె మరుసటి ఏడాది మళ్ళీ పెళ్ళి చేసుకుంది. తాతా నానమ్మలు కోర్టుకెళ్ళారు. పిల్లవాడికి కన్నతండ్రి ఇంటిపేరే ఉంచాలనీ, రికార్డుల్లో కొత్త భర్తను సవతి తండ్రి అని రాయాలనీ 2014లో హైకోర్టు ఆదేశించింది. 2022 జూలై 28న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తండ్రి లేనప్పుడు తల్లే సహజ సంరక్షకురాలు, ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదే అన్నది. సవతి తండ్రి అని రాయించడం బిడ్డ మనసు మీద ఏ ప్రభావం చూపుతుందో ఆలోచించని, దాదాపు క్రూరమైన ఆదేశమని కూడా అన్నది. ఈ రెండో మాటే నాకు ఎక్కువ నచ్చింది. ఏళ్ళ తరబడి ఆ కాగితాన్ని బడికి మోసుకెళ్ళేది పిల్లవాడే కదా.

ఇక్కడ మనవాళ్ళకు ఒక భయం ఉంది. అమ్మ ఇంటిపేరు పెడితే కుల ధ్రువపత్రం పోతుందేమోనని. ఇంటిపేరు మార్చినంత మాత్రాన కులం మారదు. కులాంతర వివాహాల్లో పిల్లలది తండ్రి కులమని మొదట భావించినా, ఎస్సీ, ఎస్టీ తల్లి దగ్గర ఆమె సమాజంలోనే పెరిగి అవే కష్టాలు పడ్డామని రుజువు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. అక్కడ చూసేది పెంపకాన్ని.

మా ఇంట్లో కాగితాలన్నీ నింపేది నేనే కాబట్టి ఇంకొక్క విషయం. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం దగ్గర నుంచి పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. అందుకని ఇంటిపేరు గురించి మాట్లాడుకోవలసింది పదో తరగతి నామినల్ రోల్స్ వచ్చినప్పుడు కాదు, ఈ పత్రం రాయించేటప్పుడే. తొందరపడక్కర్లేదు. పేరు లేకుండా జననం నమోదు చేయించి, ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్చుకోవచ్చు. ఆ తర్వాత కూడా ఆలస్య రుసుముతో పదిహేనేళ్ళ వరకు గడువుంది.