సూరతునందలి తెలుగు విద్యార్థి – మనస్తత్త్వశాస్త్ర పరిభాష

నర్మకోశమును (1873) కూర్చిన నర్మదుడు జన్మించిన సూరతు నగరమునకు నేతపనికై తెలంగాణమునుండి వచ్చిన కుటుంబములు పెక్కు గలవు. వారి బిడ్డలు గుజరాతీ మాధ్యమమున మనస్తత్త్వశాస్త్రము నభ్యసింపబూనినపుడు శాస్త్రముకన్న ముందు పరిభాష యడ్డుపడును. తెలియని పదమున కర్థమడుగుదురు. తెలిసినదనుకొన్న పదమున కడుగరు.

గుజరాతీలో ‘ధ్యాన’మనగా ఒక విషయముపై మనస్సు నిలుపుట. తెలుగు శాస్త్రపరిభాషలో నిది ‘అవధానము’. మనకు ధ్యానము యోగసంబంధి. అట్లే గుజరాతీ ‘శిక్షణ’ విద్య. మన ‘శిక్షణ’ తరిఫీదు. మూలము సంస్కృతమే యైనను వ్యవహారము వేరు. అష్టావధానము నెఱిగిన విద్యార్థికి అవధానపరిధిని వివరించుట సులభము.

కావున పట్టవిద్యకు పూర్వము పునాదివత్సర మేర్పరచినచో, అందలి తొలిపాఠము ఈ పదభేదనిరూపణమే కావలెను. లేనిచో పదముననే తడబడిన విద్యార్థిని శాస్త్రమున మందుడని గురువు పొరబడును.