ఫెన్‌వే పార్కుకు వెళ్ళేముందు

చిరంజీవి మేఘనకు,

తోటి విద్యార్థులు ఫెన్‌వే పార్కులో బేస్‌బాల్ ఆటకు రమ్మంటున్నారనీ, ఆట తెలియదు, సీట్లు ఇరుకట, టికెట్టు ఖరీదట, వెళ్ళాలా వద్దా అనీ అడిగావు. తప్పకుండా వెళ్ళమ్మా. వందేళ్ళు దాటిన స్టేడియం కాబట్టి చూసి రమ్మని మాత్రం అనను. వయసు ఒక్కటే ఏ కట్టడానికీ గొప్పతనం తెచ్చిపెట్టదు. నువ్వు చదువుతున్నది నగర నిర్మాణం. స్థలం పెట్టిన ఇబ్బందిని చెరిపేయకుండా దానికి తగ్గట్టు సర్దుకుంటే ఆ ఇబ్బందే చివరికి ఆటకు ప్రాణమవుతుందనీ, ఊరికి ఆస్తి అవుతుందనీ చెప్పడానికి ఫెన్‌వేను మించిన ఉదాహరణ నాకు తోచదు. ఆ సంగతి తెలిసి వెళితే, నియమాలు సగమే అర్థమైనా సాయంత్రం వృథా కాదు.

ముందు ఆట కొలతల్లో ఉన్న ఒక విచిత్రం గమనించు. బేస్‌కూ బేస్‌కూ మధ్య 90 అడుగులు, బంతి విసిరే పిచ్చర్ దగ్గర నుంచి బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు. వృత్తి ఆటలో ఎక్కడ ఆడినా ఇందులో అంగుళం తేడా ఉండదు. అవతలి ఔట్‌ఫీల్డ్‌కు వచ్చేసరికి ఈ కచ్చితత్వం మాయమవుతుంది. కంచె ఎంత దూరాన ఉండాలి, ఎంత ఎత్తుండాలి అన్నది ఏ ఊరికి ఆ ఊరే తేల్చుకుంది. క్రికెట్ చూస్తూ పెరిగినదానివి, మనకూ పిచ్ కొలత ఒకటే, బౌండరీలే వేరు కదా అంటావేమో. నిజమే, కానీ క్రికెట్‌లో తాడు తాకగానే బంతి చచ్చిపోతుంది, నాలుగు పరుగులు వచ్చేస్తాయి. బేస్‌బాల్‌లో గోడకు తగిలి వెనక్కి పడ్డ బంతి ఇంకా ఆటలోనే ఉంటుంది. బ్యాటర్ పరుగెత్తుతూనే ఉంటాడు, ఫీల్డర్ దాన్ని అందుకుని విసరాలి. అంటే అక్కడ గోడ హద్దు మాత్రమే కాదు, ఆటలో పాల్గొనే వస్తువు. ఫెన్‌వే ఎడమ వైపున్న గోడ ఎత్తు 37 అడుగుల 2 అంగుళాలు, మూడంతస్తుల మేడను మించిన ఎత్తు. ఆకుపచ్చ రంగు వల్ల దానికి గ్రీన్ మాన్‌స్టర్ అన్న పేరు స్థిరపడింది.

అంత గోడ అక్కడికి ఎందుకొచ్చిందో చెప్పేది బోస్టన్ ఊరి పటమే. 1912 ఏప్రిల్ 20న బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు ఇక్కడ తన మొదటి లీగ్ ఆట ఆడి, తర్వాత యాంకీస్‌గా మారిన న్యూయార్క్ జట్టును 11 ఇన్నింగ్స్‌లో 7-6తో ఓడించింది. టైటానిక్ మునిగి అప్పటికి అయిదు రోజులే కావడంతో ఈ ఆట వార్త పత్రికల్లో వెనక్కి పోయింది. స్థలం చుట్టూ వీధులు అప్పటికే ఖరారై ఉన్నాయి. ఎడమ వైపు ల్యాన్స్‌డౌన్ స్ట్రీట్ అడ్డు రావడంతో హోమ్ ప్లేట్ నుంచి అటు ఇవాళ్టి లెక్కన 310 అడుగులే మిగిలింది. వీధిలో నిలబడి ఉచితంగా ఆట చూడకుండా అక్కడ ఎత్తుగా చెక్క గోడ కట్టారు. అప్పటి బంతి ఇప్పటిలా దూరం పోయేది కాదు కాబట్టి ఆ దగ్గరితనం పెద్ద లోపం అనిపించలేదు. గోడ అడుగున నేల పది అడుగుల మేర వాలుగా లేచి ఉండేది. ఆ వాలు మీదికి పరుగెత్తి బంతి పట్టడంలో ఆరితేరిన డఫీ లూయిస్ పేరనే దాన్ని డఫీ క్లిఫ్ అన్నారు. 1926లో ఎడమ వైపు చెక్క గ్యాలరీ తగలబడితే తిరిగి కట్టడానికి యజమాని దగ్గర డబ్బు లేక చాలాకాలం ఖాళీగా వదిలేశారు. 1933లో జట్టును కొన్న టామ్ యాకీ భారీ మరమ్మతు మొదలుపెట్టాడు. 1934 జనవరిలో మళ్ళీ అగ్నిప్రమాదం జరిగినా ఏప్రిల్‌కల్లా పని ముగించారు. వాలు చదునైంది, చెక్క గోడ పోయి రేకు తొడిగిన గోడ వచ్చింది, చేత్తో అంకెలు మార్చే స్కోర్‌బోర్డు దాని అడుగున చేరింది. ఆకుపచ్చ రంగు 1947లో వేసిందే. అంతకుముందు గోడ నిండా ప్రకటనలు ఉండేవి. కాబట్టి ఫెన్‌వే 1912 నుంచీ కదలకుండా ఉన్న కట్టడమని ఎవరైనా అంటే నమ్మకు. అది తరం తరానికీ మారుతూనే ఉంది. మారనివి దాన్ని చుట్టిన వీధులూ, ఆ వీధులు గీసిన వంకర ఆకారమూ.

ఇది న్యాయమైన ఆటేనా అని నువ్వు అడగొచ్చు. మరో మైదానంలో ఫీల్డర్ చేతిలో పడాల్సిన మామూలు ఎత్తు బంతి ఇక్కడ గోడకు తగిలి బ్యాటర్‌ను రెండో బేస్‌కు చేరుస్తుంది. మరోచోట తిన్నగా కంచె దాటి హోమ్‌రన్ కావాల్సిన దెబ్బ ఇక్కడ గోడ పైభాగాన్ని గుద్దుకుని కింద పడుతుంది. కుడి గీత చివర పెస్కీ పోల్ అనే స్తంభం దగ్గర దూరం 302 అడుగులే, మైదానం మధ్యకు కుడి పక్కనున్న మూల మాత్రం 420 అడుగుల దాకా లోపలికి పోతుంది. 1958 జూన్ 1 తర్వాత కట్టే వృత్తి మైదానాల్లో రెండు పక్కల గీతల వెంట కనీసం 325 అడుగులు, మధ్యలో 400 అడుగులు ఉండాలని నిబంధన పెట్టారు. ఫెన్‌వే రెండు పక్కలా ఆ గీటుకు తక్కువే, మధ్యలో కూడా 390 అడుగులే. పాతది కాబట్టి మినహాయింపు. అయినా అన్యాయం అనిపించుకోదు, ఎందుకంటే ఒకే రోజు రెండు జట్లూ అదే గోడ ముందు ఆడతాయి. గోడ అదృష్టాన్ని పంచిపెట్టదు, నైపుణ్యాన్ని అడుగుతుంది. టెడ్ విలియమ్స్, కార్ల్ యస్ట్రెమ్‌స్కీ, జిమ్ రైస్ వరసగా దశాబ్దాల పాటు ఆ గోడ నీడలో లెఫ్ట్‌ఫీల్డ్ కాశారు. రేకు మీద పడ్డ బంతి ఏ కోణంలో తిరిగొస్తుందో ముందే పసిగట్టడంలో యస్ట్రెమ్‌స్కీకి పెద్ద పేరు. వేడ్ బాగ్స్ ఎడమచేతి బ్యాటర్ అయినా బంతిని అటు గోడ మీదికే పంపడం సాధన చేశాడు. సాఫీగా, సమంగా ఉన్న మైదానంలో ఈ విద్యకు చోటే లేదు.

వంకర ఉంటే చాలు, ఆకర్షణ దానంతట అదే వస్తుందనుకుంటే పొరపాటు. 1992లో బాల్టిమోర్‌లో కామ్డెన్ యార్డ్స్ తెరిచినప్పుడు అక్కడున్న పాత రైల్వే గోదామును కూల్చకుండా మైదానం పక్కన నిలబెట్టుకున్నారు. అది చూసి దేశమంతా పాతకాలపు పోకడలతో స్టేడియాలు కట్టడం మొదలైంది. హ్యూస్టన్‌లో 2000లో తెరిచిన స్టేడియంలో సెంటర్‌ఫీల్డ్ చివర కావాలని ఒక చిన్న గుట్ట పోశారు, దాని మీద జెండా స్తంభం కూడా నాటారు. 2016 సీజన్ ముగిశాక ఆ గుట్టను తవ్వి తీసేశారు. ఫెన్‌వే గోడకు వీధి కారణం ఉంది, ఆ గుట్టకు అలంకారం తప్ప కారణం లేదు. రేపు నువ్వు ఏ స్థలానికి నమూనా గీసినా, అక్కడ కనిపించే వంకరకు కారణం వెతుకు. కారణం ఉంటే దాన్ని కాపాడే దారి ఆలోచించు.

ఫెన్‌వే కూడా కూల్చివేత నుంచి కొద్దిలో తప్పించుకుంది. 1960ల్లో యాకీయే కొత్త స్టేడియం లేకపోతే నడవదని అన్నాడు. 1966లో జట్టు తొమ్మిదో స్థానంలో ఉంది, ఏడాది మొత్తం మీద వచ్చిన జనం 8 లక్షల పైచిలుకు. మరుసటి ఏడాది జట్టు లీగ్ గెలిచింది, జనం 17 లక్షలు దాటారు. గెలిస్తే ఎవరైనా వస్తారు, ఇందులో మైదానం గొప్పేముంది అని వాదించేవాళ్ళ మాట నేను కాదనను. కానీ అదే లెక్క మరోటి కూడా చెబుతోంది. చూపుకు అడ్డొచ్చే అవే స్తంభాలు, అవే ఇరుకు కుర్చీలు ఉండగానే జనం రెట్టింపయ్యారంటే, అడ్డు మైదానం కాదు. 1999లో అప్పటి యాజమాన్యం పక్కనే సుమారు 44 వేల సీట్లతో కొత్తది కట్టి, పాత గోడలో కొంత భాగాన్ని జ్ఞాపకంగా ఉంచుతామని ప్రకటించింది. ఊళ్ళో కొందరు గట్టిగా వ్యతిరేకించారు, ఖర్చూ పెరిగిపోయింది. 2002లో జాన్ హెన్రీ బృందం జట్టును కొన్నాక, కామ్డెన్ యార్డ్స్‌కు పనిచేసిన జానెట్ మేరీ స్మిత్‌ను పిలిపించి మరమ్మతు అప్పగించారు. బంతులు వీధిలో పడకుండా గోడ మీద 1936 నుంచీ ఉన్న వల తీసేసి, 2003లో అక్కడే సీట్లు వేశారు. మరుసటి ఏడాది కుడి వైపు కప్పు మీద వేశారు. 2005లో ఇక్కడే ఉంటామని తేల్చి చెప్పారు. 1918 తర్వాత 86 ఏళ్ళకు, 2004లో, జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది కూడా ఈ మైదానాన్ని సొంతిల్లుగా ఉంచుకునే. ఇదంతా వ్యాపారమే కదా అంటే, అవును. గోడ మీద సీటుకు వాళ్ళు అడిగే ధర చూస్తే నీకే తెలుస్తుంది. సామాన్య కుటుంబానికి ఆట దూరమవుతోందన్న ఫిర్యాదులో న్యాయం ఉంది. అయితే ఆ పాపం పాత గోడది కాదు. కొత్తది కట్టి ఉంటే అప్పు తీర్చడానికీ టికెట్టే ఆధారమయ్యేది.

ఇంకో ఆక్షేపణ ఉంది, అన్నిటికన్నా బరువైనది. పాతదాన్ని కాపాడేవాళ్ళు పాత అన్యాయాన్నీ పూజిస్తారని. 1945 ఏప్రిల్‌లో జాకీ రాబిన్సన్‌తో పాటు మరో ఇద్దరు నల్లజాతి ఆటగాళ్ళను ఫెన్‌వేకు పిలిచి, పరీక్షించినట్టు నటించి పంపేశారు. రాబిన్సన్ 1947లో బ్రుక్లిన్ జట్టు తరఫున ఆడి చరిత్రకెక్కాడు. రెడ్ సాక్స్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు పంప్సీ గ్రీన్ దిగింది 1959 జూలైలో, పన్నెండేళ్ళ తర్వాత. నల్లజాతి ఆటగాణ్ణి దింపడంలో పెద్ద లీగ్ జట్లన్నిటిలోకీ ఆఖరు ఇదే. ఆ కాలమంతా యజమాని యాకీయే. అతని పేరు పెట్టిన వీధికి 2018లో పాత పేరు జెర్సీ స్ట్రీట్ తిరిగి ఇచ్చారు. స్కోర్‌బోర్డు మీద తెల్ల గీతల్లో మోర్స్ కోడ్‌లో అతనివీ, అతని భార్యవీ పేర్ల మొదటి అక్షరాలు ఉంటాయి. వెళ్ళినప్పుడు వెతికి చూడు. చూసి మెచ్చుకోమని కాదు. కట్టడాన్ని నిలబెట్టడం వేరు, అందులో అధికారం చేసినవాళ్ళను నిలబెట్టడం వేరని నువ్వు బాగా గుర్తించాలి. కూల్చేసి ఉంటే 1945 నాటి ఆ నేల కూడా పోయేది, అక్కడ ఏం జరిగిందో చెప్పడానికి చోటు మిగిలేది కాదు.

ఇక వెళ్ళే సంగతి. సీజన్ వసంతంలో మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వారం మధ్య రోజు ఎంచుకో. యాంకీస్‌తో ఆట ఉన్న రోజు కన్నా టికెట్టు చాలా తక్కువకు దొరుకుతుంది. గ్రీన్ లైన్ రైల్లో కెన్మోర్‌లో దిగి నడువు, కారు ఎవరు తెచ్చినా ఎక్కకు, అక్కడ పార్కింగ్ దొరకదు, దొరికినా ఖరీదు. సాయంత్రం చలి దిగుతుంది, మందపాటి కోటు వేసుకో. పెద్ద సంచి లోపలికి రానివ్వరు. గ్రాండ్‌స్టాండ్‌లో కొన్న సీటు ముందు స్తంభం అడ్డు వస్తుందేమో కొనేముందే చూసుకో. కుడి వైపు చివర సీట్లు కొన్ని హోమ్ ప్లేట్‌కు కాక మైదానం మధ్యకు తిరిగి ఉంటాయి, ఆట చూడటానికి మెడ తిప్పుకునే కూర్చోవాలి. మొదటిసారికి హోమ్ ప్లేట్ వెనక నుంచి మూడో బేస్ వైపు ఎక్కడైనా, వెనక వరసైనా ఫరవాలేదు. గోడ ఎదురుగా కనిపించకపోయినా బంతి అటు లేచిన ప్రతిసారీ లెఫ్ట్‌ఫీల్డర్‌ను చూడు. అతను గోడ వైపు పరుగెత్తుతున్నాడా, లేక తిరిగి వచ్చే బంతి కోసం ఆగి ఎదురుచూస్తున్నాడా అన్నదే అక్కడి ఆట. కుడి వైపు ఆకుపచ్చ సీట్ల మధ్య ఒక్కటి ఎర్ర సీటు కనిపిస్తుంది. 1946 జూన్‌లో విలియమ్స్ కొట్టిన 502 అడుగుల హోమ్‌రన్ పడిన చోటు అది. ఆట లేని రోజు పర్యటన టికెట్టు కూడా ఉంది. డబ్బుకు వెనకాడుతుంటే ముందు దానికి వెళ్ళు, ఆ గోడ మీదికి కూడా తీసుకెళతారు. అక్కడి నుంచి ల్యాన్స్‌డౌన్ స్ట్రీట్ ఎంత దగ్గరో చూసి, నీ తరగతిలో ఇచ్చిన పటం మీద ఆ ఆకారం ఒకసారి గీసి నాకు పంపు.

ఇట్లు,
నీ పెదనాన్న