దీవికి పోయే ముందు: మా అమ్మ చీటీ డబ్బులు నేర్పిన ఆరు పాఠాలు

పోయిన జూన్‌లో తిరుపతి బస్టాండులో చెన్నై బస్సు ఎక్కేటప్పుడు అమ్మ చేతిలో పులిహోర డబ్బా ఉంది, నా చేతిలో ఎక్సెల్ షీట్ ప్రింటు ఉంది. నాలుగు రోజుల అండమాన్ ట్రిప్పు ఆరు రోజులైంది. తిరిగొచ్చేటప్పటికి డబ్బా మాత్రమే మిగిలింది.

ఫ్రెండ్స్, నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఇంత పొడుగు తెలుగు రాయడం ఇదే మొదటిసారి. కానీ ఈ సెమిస్టర్ అయిపోగానే అండమాన్ పోదాం, లక్షద్వీప్ పోదాం అని మన హాస్టల్లో కనీసం మూడు గ్రూపులు ప్లాన్ వేస్తున్నాయి. నేను చేసిన తప్పులు మీరు చేయకూడదని రాస్తున్నాను. మీకు పోయేది పాకెట్ మనీ కావచ్చు. మా ఇంట్లో పోయింది అమ్మ చీటీ డబ్బులు.

అమ్మ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. నాన్న ఆర్టీసీ డ్రైవరు. అమ్మ ఇరవై నెలలు చీటీ కట్టి, వచ్చిన డబ్బు నా చేతికిచ్చి, "కంప్యూటర్ చదువుతా ఉండావు గదా, నువ్వే చూడు నాయనా" అనింది. నాకు చాలా గర్వంగా అనిపించింది. రెండు వారాలు కూర్చుని షీట్ తయారు చేశాను. అరగంటకొక గడి, గడికొక రంగు.

1. మన ఊరి వాతావరణం చూసి నెల పెట్టుకోవద్దు

సెలవులు జూన్‌లో వచ్చాయి కాబట్టి జూన్ పెట్టాను. మనకు జూన్ అంటే ఇంకా ఎండలే. తిరుపతి, చిత్తూరు వైపు గట్టి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అదే లెక్క అక్కడ కూడా అనుకున్నాను.

నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందే, మామూలుగా మే మూడో వారం అటూఇటూగా అండమాన్ సముద్రానికి వచ్చేస్తాయి. తర్వాత ఈశాన్య రుతుపవనాలు కూడా తగులుతాయి. అంటే ఆ దీవులకు రెండు వానాకాలాలు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. సముద్రం ప్రశాంతంగా ఉండేది ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా. జూన్‌లో టికెట్లు, రూములు చవకగా దొరికాయని సంబరపడ్డాను. ఎందుకు చవక అని మాత్రం అడగలేదు.

2. పేర్లు రెండేసి ఉంటాయి, రెండూ వెతకాలి

హావ్‌లాక్ దీవికి 2018 డిసెంబర్‌లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది, రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా ప్రకటించారు. జనం నోట్లో, బుకింగుల్లో పాత పేరు, కొత్త పేరు రెండూ తిరుగుతుంటాయి. నేను హావ్‌లాక్‌లో రెండు రోజులు, స్వరాజ్ ద్వీప్‌లో ఒక రోజు పెట్టాను. అవి రెండూ ఒకటేనని కనిపెట్టింది నాన్న, అదీ చెన్నై బస్సులో. వెనక సీట్లో వాళ్ళు కూడా నవ్వారు.

3. గడియారం ఒకటే, పొద్దు ఒకటి కాదు

దేశమంతా ఒకటే టైము. కానీ భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. తిరుపతి సుమారు 79.4 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, హావ్‌లాక్ 93 మీద ఉంది. తేడా 13.6 డిగ్రీలు, అంటే దాదాపు 54 నిమిషాలు. జూన్‌లో మనకు ఆరున్నర దాటాక పొద్దు గుంకితే, అక్కడ ఐదున్నర దాటిన కాసేపటికే గుంకుతుంది. తెల్లవారడం కూడా అంత ముందే.

నా షీట్‌లో 'రాధానగర్ బీచ్, సూర్యాస్తమయం, ఆరు గంటలు' అని ఉంది. మేము పోయేసరికి చీకటి పడుతోంది, జనం తిరిగొస్తున్నారు. ఐదో తరగతిలో చదివిన లెక్క అది. పరీక్షలో వేశాను గానీ బతుకులో వేయలేదు.

ఆటుపోట్లు కూడా అంతే. అక్కడ రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఆ టైము రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. తూర్పు వైపు ఉన్న విజయనగర్ బీచ్‌లో ఆటు సమయంలో నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయి రాళ్ళు తేలుతాయి. ఈత కొట్టాలన్నా, పగడాలు చూడాలన్నా ముందు ఆ రోజు ఆటుపోట్ల పట్టిక చూడండి. మొసళ్ళున్నాయని బోర్డు పెట్టినచోట, ఎర్ర జెండా ఉన్నచోట దిగవద్దు.

4. వచ్చేవాళ్ళకు ఏం కావాలో అడగాలి

ముగ్గురికీ స్కూబా డైవింగ్ బుక్ చేశాను. అక్కడ ఆరోగ్యం గురించి ఫారం నింపమన్నారు. నాన్నకు బీపీ ఉంది. డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ లేనిదే కుదరదన్నారు. అది వాళ్ళ తప్పు కాదు, అడగడమే మంచిది. ఉబ్బసం, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు ఊరు దాటకముందే డాక్టర్‌ను అడగాలి. ఇంకో సంగతి: డైవింగ్ చేసిన వెంటనే విమానం ఎక్కకూడదు. నీళ్ళ అడుగున ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవడానికి టైము కావాలి. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగమంటారు. అందుకే దాన్ని చివరి రోజు పెట్టుకోవద్దు.

అమ్మ అసలు నీళ్ళలోకే దిగనంది. "నాకెందుకురా అవి? ఒడ్డున కూసోని చూస్తా ఉంటే సాలు" అనింది. నాన్న కోరిక ఒక్కటే, సెల్యులార్ జైలు. దానికి నా షీట్‌లో యాభై నిమిషాలు. మిగతా గడులన్నీ నాకు నచ్చినవే. ట్రిప్పు అమ్మ డబ్బులతో, ప్లాన్ మాత్రం నా ఫోన్‌లో సేవ్ చేసుకున్న రీల్స్‌తో.

5. దీవిలో చివరి రోజు పెట్టుకోవద్దు

అన్నిటికంటే పెద్ద తప్పు ఇది.

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానంలో రెండు గంటల పైన. అక్కడి నుంచి హావ్‌లాక్‌కు మళ్ళీ ఓడ. మొదటి రోజు విమానం దిగిన గంటా ఇరవై నిమిషాలకే ఓడ పెట్టాను. పరిగెత్తి ఎక్కాం. పులిహోర డబ్బా పట్టుకుని అమ్మ కూడా పరిగెత్తింది. అందింది కాబట్టి నా ప్లాన్ కరెక్ట్ అనుకున్నాను. ఒక టెస్ట్ కేస్ పాసైతే కోడ్ మొత్తం కరెక్ట్ అనుకున్నట్టు.

నాలుగో రోజు ఇలా పెట్టాను: పొద్దున్నే హావ్‌లాక్‌లో ఓడ, పోర్ట్ బ్లెయిర్‌లో యాభై నిమిషాల జైలు, మధ్యాహ్నం చెన్నై విమానం. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన మూడు పనులు. మధ్యలో ఖాళీ లేదు.

మూడో రోజు సాయంత్రం అమ్మ ఒడ్డున కూర్చుని ఒక పడవాయనతో మాట్లాడుతోంది. తెలుగులోనే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో వందకు దాదాపు 13 మంది మాతృభాష తెలుగు. ఆయన తాతగారిది శ్రీకాకుళం వైపట. ఆయన అమ్మకు చెప్పాడు: "రేపు గాలి గట్టిగా ఉంటాదమ్మా. ఓడలు ఆపేత్తారేమో. పొద్దున్నే కనుక్కోండి. ఈలుంటే ఇప్పుడే అడిగి చూడండి." అప్పటికి పోర్ట్ బ్లెయిర్ పోయే ఓడ ఇంకొకటి ఉంది. అమ్మ వచ్చి నాకు చెప్పింది. నేను ఫోన్ చూపించాను. "యాప్‌లో వాన ఛాన్స్ నలభై శాతమే అమ్మా. ఆయనకేం తెలుసు?" అన్నాను.

ఆ మాట రాయాలంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పొద్దున వాన పెద్దగా లేదు. గాలి ఉంది. ఓడలన్నీ ఆపేశారు. యాప్ చెప్పింది వాన గురించి, ఆయన చెప్పింది సముద్రం గురించి. రెండూ వేరు. అలల ఎత్తు గురించి ముందే చెప్పే సంస్థ ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే ఉంది. వాతావరణ శాఖ మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరికలూ ఉంటాయి. ఇవి నేను ఇంటికొచ్చాక తెలుసుకున్నాను.

విమానం పోయింది. మర్నాటికి ఓడలు తిరిగాయి గానీ, విమానంలో సీట్లు ఆ మర్నాటికే దొరికాయి. ముగ్గురికి కొత్త టికెట్లు 31 వేలు. అమ్మ బ్లౌజుకు 250 తీసుకుంటుంది. 124 బ్లౌజులు. ఆ లెక్క అమ్మ వేయలేదు, నేనే వేశాను. నాన్నకు ఇంకో రెండు రోజులు సెలవు పోయింది. వానకు నెట్‌వర్క్ పడిపోయి యూపీఐ పని చేయకపోతే, రూము డబ్బులు అమ్మ చీర కొంగులో ముడేసుకున్న నోట్లతో కట్టాం. చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టులో వచ్చింది. దాంతో అక్కడ ఇంటర్నెట్ చాలా మెరుగైంది. అయినా ప్రతి కొట్టులో ప్రతిసారీ సిగ్నల్ ఉంటుందని అనుకోవద్దు. నగదు ఉంచుకోండి.

నాన్న తిట్టలేదు. ఒకటే అన్నాడు: "మా టైంటేబుల్లో చెన్నై చేరినాక కొంచెం ఖాళీ ఉంటాది. అది డ్రైవరు టీ తాగేదానికి అనుకుంటారు అందరూ. కాదు, రోడ్డు కోసరం. రోడ్డు మన మాట వినదు గదా." నాన్న రోజూ చేసే పని అది. నేను ప్లాన్ వేసేటప్పుడు ఆయన పక్క గదిలోనే ఉన్నాడు.

కాబట్టి, దూరంగా ఉన్న దీవులన్నీ మొదట చూసేయండి. చివరి రాత్రి విమానాశ్రయం ఉన్న ఊర్లోనే పడుకోండి. వానాకాలమైతే రెండు రాత్రులు.

6. అక్కడిది అక్కడే వదిలేయాలి

ఓడలు ఆగిన రోజు చేసేదేం లేదు. అమ్మ పొద్దంతా ఒడ్డునే కూర్చుంది. తెల్లటి పగడపు ముక్క ఒకటి దొరికితే దేవుడి గూట్లో పెట్టుకుంటానని కొంగులో దాచింది. ఆ పడవాయనే చూసి, "అది రాయి కాదమ్మా, అక్కడే ఒగ్గేయండి" అన్నాడు. మన వైపు ఒగ్గేయడం అనరు, కానీ అమ్మకు వెంటనే అర్థమైంది. పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. చచ్చిన ముక్క అయినా తీసుకురావడం నేరం. గవ్వలు కొన్నా దుకాణంలో బిల్లు అడిగి తీసుకోండి.

ట్రిప్పులో తనకు బాగా నచ్చింది ఆ రోజేనని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. నిజమే కావచ్చు, నన్ను ఓదార్చడానికీ కావచ్చు. ఆ రోజు బాగుంది కదా అని నా తప్పు ఒప్పయిపోదు.

మర్నాడు నాన్న జైల్లో సగం రోజు గడిపాడు. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేసిన జైలు. ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. అల్లూరి సీతారామరాజుతో కలిసి పోరాడిన గాం మల్లుదొరను అండమాన్‌కే పంపారని, ఆయన 1952లో విశాఖ నుంచి తొలి లోక్‌సభకు గెలిచారని నాన్న చెప్తుంటే విన్నాను. నా షీట్ ప్రకారం జరిగి ఉంటే ఆ మాటకు టైము ఉండేది కాదు.

ప్లాన్ వేసేవాళ్ళకు చిన్న పట్టిక

- నెల ఖాయం చేసే ముందు ఆ దీవి వానాకాలం చూడండి, మన ఊరిది కాదు.
- విమానానికి, ఓడకు మధ్య కనీసం నాలుగు గంటలు. తిరుగు ప్రయాణంలో ఒక రాత్రి.
- డబ్బులు వెనక్కి ఇచ్చే నిబంధనలు చదివాకే టికెట్ కొనండి.
- లక్షద్వీప్ అయితే మనకూ ముందస్తు ప్రవేశ అనుమతి కావాలి. అండమాన్‌లో మామూలు పర్యాటక స్థలాలకు భారతీయులకు అక్కర్లేదు.
- బారాటాంగ్ దారిలో జారవా ప్రజలు కనిపిస్తే ఫొటో తీయడం, తినేవి ఇవ్వడం నేరం. వాళ్ళు చూడదగ్గ స్థలం కాదు, మనుషులు.
- జైలు, మ్యూజియం లాంటి వాటికి సెలవు రోజులు ఏవో కనుక్కోండి.
- ఆ ఊరివాళ్ళు సముద్రం గురించి ఏదైనా చెప్తే ఫోన్ జేబులో పెట్టి వినండి.

అమ్మ మళ్ళీ చీటీ మొదలుపెట్టింది. ఈలోపు ఖర్చు లేని దీవి ఒకటి ఉంది: మన తిరుపతి జిల్లాలోనే, తడ దగ్గర పులికాట్ సరస్సులో ఇరకం. పడవలో పోవాలి. ఈసారి షీట్‌లో మొదటి గడి అమ్మను అడిగి నింపాను. 'ఒడ్డున కూర్చోవడం' అని రాయమంది. ఎంతసేపు అని అడిగితే, "అది రాయబాకులే" అనింది.