రోహిణి కార్తెలో అయోవా: పైరుతో పాటు ఇంటినీ కాచుకోండి

మే నెల చివరికొచ్చాం. లిన్ కౌంటీలో మంచు భయం దాదాపు తీరినట్టే. టమాటా, మిరప, వంగ నారు బయట నాటుకోవచ్చు. గోంగూర, బెండ, బీర మాత్రం నేల బాగా వేడెక్కాకే పెట్టండి. చల్లటి నేలలో గింజ మొలవక కుళ్ళిపోతుంది. చుట్టూ పొలాల్లో మొక్కజొన్న విత్తడం ముగింపుకొచ్చింది, సోయా సాగుతోంది. మన లెక్కలో ఇది రోహిణి కార్తె. అయోవాలో సుడిగాలులు ముదిరే కాలమూ ఇదే. అందుకే ఎరువుల మాట ఈసారికి పక్కన పెట్టి, సీడర్ రాపిడ్స్, మేరియన్ పరిసరాల్లో పెరడో, ఎకరం రెండెకరాలో సాగు చేసుకుంటున్న మన కుటుంబాలకు గాలి, వరదల గురించి చెప్పాలనుకుంటున్నాను.

మన ఇళ్ళకు అమ్మానాన్నలు వచ్చేది కూడా ఇప్పుడే. మేలో దిగి, చలి ముదరకముందే తిరిగి వెళ్తారు. చాలా ఇళ్ళలో పెరటి సేద్యం వాళ్ళ చేతి చలవే. పొద్దున్నే మనం ఆఫీసుకు, పిల్లలు క్యాంపులకు వెళ్ళిపోతే ఇంట్లో మిగిలేది ఆ పెద్దవాళ్ళిద్దరే. పెనుగాలులు ఎక్కువగా లేచేది మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో. ఈ కౌంటీకున్న ముప్పుల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

గాలివాన వాళ్ళకు కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 1996 కోనసీమ తుపాను, 2014 అక్టోబరులో విశాఖను కుదిపేసిన హుద్‌హుద్ చూసినవాళ్ళు, చూసినవాళ్ళ నోట విన్నవాళ్ళు. కానీ తుపాను నేర్పిన తీరు వేరు. బంగాళాఖాతంలో వాయుగుండం కట్టిన దగ్గర్నుంచి కబురు వస్తూనే ఉంటుంది. పశువుల్ని తోలుకుపోవడానికి, పక్కా భవనం చేరడానికి, మేడ ఎక్కడానికి వ్యవధి ఉంటుంది. ఇక్కడి సుడిగాలికి ఆ వ్యవధి లేదు. హెచ్చరిక వచ్చాక చేతిలో ఉండేవి కొన్ని నిమిషాలే. మేడ ఎక్కకూడదు, బేస్‌మెంట్‌కు దిగాలి. ఇక్కడి ఇళ్ళు చాలావరకు చెక్క చట్రాల మీద కట్టినవి. మన స్లాబు ఇంటి మీద ఉన్న ధీమా ఈ ఇంటి మీద పెట్టుకోకూడదు. పెద్దవాళ్ళకు ఈ తేడా విడమరిచి చెప్పకపోతే, ఆకాశం నల్లబడగానే వాళ్ళు చేసే మొదటి పని పెరట్లో ఆరేసిన బట్టలు తేవడానికి పరుగెత్తడం.

2020 ఆగస్టు 10 ఈ కౌంటీ మరచిపోలేని రోజు. ఆ పొద్దున దక్షిణ డకోటా, నెబ్రాస్కా సరిహద్దుల్లో పుట్టిన ఉరుముల మేఘాలు ఒకే వరసగా కలిసి, సుమారు 14 గంటల్లో 770 మైళ్ళు సాగి ఒహాయో దాకా పోయాయి. ఇలా నేరుగా దూసుకొచ్చే గాలిని డెరేచో అంటారు. ముందురోజు సూచనల్లో అంత తీవ్రత కనిపించలేదు. మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో సీడర్ రాపిడ్స్‌ను తాకి, అరగంటకు పైగా వదలకుండా వీచింది. పక్క కౌంటీలోని ఆట్కిన్స్ దగ్గర గంటకు 126 మైళ్ళు నమోదైంది. సీడర్ రాపిడ్స్‌లో కూలిన కట్టడాలను చూసి నిపుణులు వేసిన అంచనా 140 మైళ్ళు, అంటే సుమారు 225 కిలోమీటర్లు. ఊరి చెట్ల నీడలో సగానికి పైగా ఒక్క మధ్యాహ్నంలో పోయింది. కంకి పాలు గట్టిపడుతున్న మొక్కజొన్న చాప పరిచినట్టు పడిపోయింది. అయోవాలో ఆ ఏడాది లక్షల ఎకరాలు కోతకే నోచుకోలేదు. ధాన్యం నిల్వ చేసే ఇనుప బిన్నులు నలిగిపోయాయి.

గాలి ఆగాక వచ్చిన కష్టం అంతకంటే పొడుగు. కౌంటీ అంతా దాదాపు చీకటి. కొన్ని ఇళ్ళకు కరెంటు రావడానికి రెండు వారాలు పట్టింది. సెల్ ఫోన్లు మూగబోయాయి. అపార్ట్‌మెంట్లు దెబ్బతిని, ఆఫ్రికా నుంచీ పసిఫిక్ దీవుల నుంచీ వచ్చిన కుటుంబాలు బయట గుడారాల్లో తలదాచుకున్నాయి. సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పే సమాచారం చాలావరకు ఇంగ్లీషులోనే ఉండడంతో అది వాళ్ళకు ఆలస్యంగా చేరింది. రేపు మన పెద్దవాళ్ళు ఒంటరిగా ఉన్నప్పుడు ఇలాంటిది జరిగితే వాళ్ళ పరిస్థితీ అదే. తెలుగులో హెచ్చరిక పంపేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. ఆ పని మన ఇంట్లో మనమే చేయాలి.

ముందు చోటు చూపించండి. బేస్‌మెంట్ ఉంటే అందులో, లేకపోతే కింది అంతస్తులో కిటికీ లేని లోపలి గది, బాత్‌రూమ్, మెట్ల కింద అర. అక్కడ పాదరక్షలు, టార్చిలైటు, పిల్లల సైకిల్ హెల్మెట్లు ఉంచండి. గాలి వెలిశాక గాజుపెంకుల మీద నడవాల్సి వస్తుంది కాబట్టి చెప్పుల్లేకుండా కిందికి దిగవద్దు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ ఆ మెట్లు దిగగలరా, ఎంతసేపు పడుతుందో మీరే దగ్గరుండి చూడండి. దిగడం కష్టమైతే మబ్బు పట్టిన రోజు ముందే కింద కూర్చోబెట్టడమే మేలు.

సైరన్ ఆరుబయట ఉన్నవాళ్ళ కోసం పెట్టింది. ఏసీ వేసుకుని తలుపులు బిగించిన ఇంట్లోకి అది వినబడుతుందని నమ్మవద్దు. నేషనల్ వెదర్ సర్వీస్ హెచ్చరికలు వినిపించే వెదర్ రేడియో ఒకటి కొనండి. లిన్ కౌంటీ కోడ్ 019113 అందులో పెడితే ఈ కౌంటీ హెచ్చరికకు అది దానంతటదే కూత పెడుతుంది. బ్యాటరీలు తప్పనిసరి. 2021 ఆగస్టు నుంచి గంటకు 80 మైళ్ళ గాలినో, 2.75 అంగుళాల వడగళ్ళనో తెచ్చే గాలివానకు కూడా ఫోన్లకు నేరుగా హెచ్చరిక వస్తోంది. అమ్మానాన్నల ఫోన్లో ఇక్కడి సిమ్ వేసి, ఆ హెచ్చరికలు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. 'వాచ్' అంటే ప్రమాదం రావచ్చు, చెవి ఒగ్గి ఉండమని. 'వార్నింగ్' అంటే వచ్చేసింది, దిగమని. ఆ రెండో మాట తెలుగు అక్షరాల్లో పెద్దగా రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

నీళ్ళు మనిషికి రోజుకు గ్యాలన్ చొప్పున కనీసం మూడు రోజులకు దాచాలి. 2020 అనుభవం చూశాక రెండు వారాలకు ఉంచమంటాను. సొంత బోరున్నవాళ్ళకు కరెంటు పోతే మోటారు ఆగి నీళ్ళూ పోతాయి, వాళ్ళు మరింత జాగ్రత్త పడాలి. బీపీ, షుగర్ మందులు, ఇన్సులిన్‌కు చల్లపెట్టె, పాస్‌పోర్టులు, విజిటర్ ఇన్సూరెన్స్ కాగితాలు ఒకే సంచిలో ఉండాలి. తలుపు తీయకపోతే ఫ్రిజ్‌లోని తిండి నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్‌లోది 48 గంటలు ఆగుతుంది. జనరేటర్‌ను గ్యారేజీలో, వరండాలో ఎన్నడూ నడపవద్దు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వరద సంగతి. 2008 జూన్ 13న సీడర్ నది 31.12 అడుగులకు చేరింది. అంతకుముందటి రికార్డు 20 అడుగులు. ఊళ్ళో సుమారు పది చదరపు మైళ్ళు మునిగి, పదివేల మందికి పైగా ఇళ్ళు వదిలారు. నూరేళ్ళ వరద గీతకు బయట ఉన్నామని నిశ్చింతగా ఉన్న ఇళ్ళు కూడా మునిగాయి. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరద నష్టం ఇవ్వదు. ఫ్లడ్ ఇన్సూరెన్స్ తీసుకున్నా సాధారణంగా 30 రోజులు గడిస్తే గాని అమల్లోకి రాదు. నది పొంగుతోందన్న వార్త విన్నాక ఏజెంటుకు ఫోన్ చేస్తే ఆ వరదకు అది అక్కరకు రాదు. పారే నీరు రెండడుగులుంటే చాలా కార్లు కొట్టుకుపోతాయి, రోడ్డు మీద నీళ్ళు కనిపిస్తే వెనక్కి తిప్పండి.

ఇక పైరు. జూన్ తొలి రోజుల్లో వడగళ్ళు పడి మొక్కజొన్న ఆకులు చీలికలైనా కంగారుగా దున్నేయవద్దు. ఐదారు ఆకుల దశ వరకూ దాని మొవ్వు నేల లోపలే ఉంటుంది. వారం పదిరోజుల్లో కొత్త ఆకు వస్తే పైరు నిలిచినట్టే. సోయా అలా కాదు, మొలిచిన నాటి నుంచి దాని మొవ్వు నేలపైనే. మొదటి బద్దాకుల కింద తెగితే మొక్క తిరిగి రాదు, మొక్కలు లెక్కపెట్టి మళ్ళీ విత్తాలో వద్దో తేల్చుకోండి. లేత మొక్కజొన్న పూర్తిగా మునిగితే రెండు మూడు రోజులకు మించి ఆగదు, ఎండ వేడి ఎక్కువైతే ఇంకా ముందే చస్తుంది. క్రాప్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు నష్టం కనిపించిన 72 గంటల్లో ఏజెంటుకు చెప్పాలి. అడ్జస్టర్ చూసి ఒప్పుకోకముందే చేను దున్నితే పరిహారానికే ఎసరు.

నది వరద తాకిన ఆకుకూరలు, కాయలు ఎంత కడిగినా తినవద్దు. ఆ నీటిలో మురుగు, ఎరువులు, పెట్రోలు అన్నీ ఉంటాయి. మనసొప్పదు గానీ గోంగూర మడి మునిగితే పీకి పారేయాల్సిందే. వరద ముట్టిన ధాన్యమూ అంతే, పశువులకు కూడా పనికిరాదు. మునిగిన బోరు నీళ్ళను క్లోరిన్‌తో శుద్ధి చేసి, పరీక్ష చేయించాకే తాగండి. బావి నీటి పరీక్షకు అయోవాలో కౌంటీల ద్వారా సాయం అందుతుంది, లిన్ కౌంటీ ప్రజారోగ్య శాఖను అడగండి. సొర, బీర పందిళ్ళ రాటలు ఇప్పుడే లోతుగా పాతుకోండి. పెనుగాలి ఖాయమని ముందే తెలిసి, సమయం ఉంటే గ్రీన్‌హౌస్ ప్లాస్టిక్ కోసేయండి. పట్టా పోయినా చట్రం దక్కుతుంది. గాలి వెలిశాక పడిన చెట్ల మీదికి రంపం పట్టుకుని ఉరకవద్దు, కొమ్మల్లో తెగిన కరెంటు తీగ ఉండొచ్చు.

ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మానాన్నలతో, పిల్లలతో కలిసి ఒకసారి బేస్‌మెంట్‌కు దిగండి. వెదర్ రేడియో కూత వాళ్ళకు వినిపించండి. 911కు ఫోన్ చేసి తమ ఇంటి నంబరు, వీధి పేరు ఇంగ్లీషులో చెప్పడం నేర్పండి. పగలు ఇంట్లో ఉండే పక్కింటివాళ్ళకు వాళ్ళను పరిచయం చేసి, మీ ఫోన్ నంబరు ఆ ఇంట్లో ఇచ్చి రండి.