పాత పెట్రోలు బంకు స్థలము – మన బోరుబావి నీరు

మా పాఠశాలకు అదనపు గదులు కట్టవలెనను ఆలోచన రెండేండ్లుగా నడచుచున్నది. రాజమార్గము ప్రక్కన చాలకాలము క్రిందట మూతపడిన పెట్రోలు బంకు స్థలమొకటి సరసమైన ధరకు రాగలదని తలిదండ్రులలో కొందరు మాతో చెప్పిరి. నేల చదునుగా నున్నది. బస్సు నిలుచు చోటికి దగ్గర. లోపల బోరుబావియు కలదు. మేమును మొదట సంతోషించితిమి. పిమ్మట విచారించి చూడగా సందేహములు కలిగెను. వాటిని తలిదండ్రుల ముందుంచుచున్నాము.

బంకులో మనకు కనబడునది పంపు మాత్రమే. సరకంతయు నేలక్రింది ఇనుప ట్యాంకులలో నుండును. ఆ ట్యాంకులును, వాటినుండి పంపువరకు పోవు గొట్టములును తేమకు త్రుప్పు పట్టును. సూదిబెజ్జమంత రంధ్రము పడినను ఏండ్ల తరబడి బొట్టుబొట్టుగా కారును. ఆ నష్టము ఆవిరి తరుగులో కలిసిపోయి లెక్కకు దొరకదు. మూసినప్పుడు ట్యాంకులలో ఇసుక నింపించితిమని స్థలము వారు చెప్పుచున్నారు. ఇసుక నింపినది ట్యాంకునకే గాని దాని క్రింది మట్టికి కాదు గదా!

మట్టిలోనికి దిగిన పెట్రోలు నీటికంటె తేలిక గనుక భూగర్భజలముపై తేలును. అందలి బెంజీన్ అను పదార్థము నీటిలో కరగును. అది రక్తపు క్యాన్సరు కలిగించునని నిర్ధారణ యైనది. త్రాగునీటిలో లీటరునకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఎగువ తరగతి పిల్లలచేత మేమొక లెక్క చేయించితిమి. నేటి పెట్రోలులో బెంజీన్ నూటికి ఒక పాలు వరకు ఉండవచ్చును. అనగా లీటరులో సుమారు 8.8 గ్రాములు. అది యంతయు కరగినచో 8,80,000 లీటర్ల నీటిని ఆ హద్దునకు తెచ్చును. 5,000 లీటర్ల ట్యాంకరులైనచో 176! పిల్లలు నమ్మక రెండుమార్లు చేసి చూచిరి. వాసన లేదు గనుక నీరు మంచిదే యనుకొనరాదు; హద్దునకు వందల రెట్లు మించినగాని ముక్కునకు తెలియదు. 2000 సంవత్సరమునకు ముందు నడచిన బంకైనచో సీసము కలిపిన పెట్రోలు అమ్మియుందురు గనుక సీసమునకును పరీక్ష చేయింపవలెను.

మన చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతమున ఈ భయము మరింత యెక్కువ. చిత్రావతి, పాపఘ్ని నందికొండల పరిసరములలో పుట్టినను ఏడాది పొడవున పారవు. ఊరును పొలమును బోరుబావులనే నమ్ముకొన్నవి. బండరాతిలో నీరు నెర్రెల వెంబడి పోవును. ఏ నెర్రె ఏ బావికి చేరునో పైనుండి చెప్పలేము. దగ్గరి బావి బాగుండి దూరపు బావి చెడవచ్చును. బోరు లాగినకొలది కల్మషము దానివైపే నడచును. ఫ్లోరైడు బాధ మనకు ఇదివరకే కలదు. దానిపై ఇంకొకటి కోరి తెచ్చుకొనుట యేల?

చెన్నపురి తండయారుపేటలో 2013లో నేలక్రింది చమురు గొట్టము కారి ఇండ్ల బోరుబావులలోనికి చమురు వచ్చెను. 1996లో అమెరికాలోని శాంటా మోనికా నగరము, పెట్రోలులో కలుపు రసాయన మొకటి చేరినందున, తన త్రాగునీటి బావులను మూసికొనెను.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో చేసిన నియమము ప్రకారము క్రొత్త బంకు బడికి 50 మీటర్ల లోపల నుండరాదు. స్థలము చాలనిచోట 30 మీటర్లైనను విడువవలెను. బడి దగ్గర బంకు కూడదన్నప్పుడు, బంకు గోతిమీద బడి కట్టుటకు తొందర యేల?

స్థలము అసలే వలదని మేమనుట లేదు. బంకు అనుమతి పటము తెప్పించి ట్యాంకులు ఎన్ని, ఎక్కడ నున్నవో చూడవలెను. వాటిని త్రవ్వి తీయించి, ప్రతి ట్యాంకు క్రింది మట్టిని, ఆ బోరు నీటిని ప్రయోగశాలకు పంపవలెను. త్రవ్విన మట్టిని చెరువులో పోయరాదు. మట్టిలో మిగిలిన పెట్రోలు ఆవిరి గచ్చు పగుళ్ళగుండ గదులలోనికి వచ్చును గనుక కట్టడమునకు ముందే ఈ పని కావలెను. పరీక్షల వ్యయము భరించుటకు స్థలము వారింకను ఒప్పుకొనలేదు. ఫలితములు చేతికి వచ్చువరకు బయానా ఇయ్యరాదని మా అభిప్రాయము. రాబోవు తలిదండ్రుల సభలో ఈ విషయమునే మొదట చర్చింతుము.